పీణ్య కార్యాలయంలో 34 కంప్యూటర్లు: రెండుసార్లు చేసిన ఒకే పని

బెంగళూరు పీణ్య పారిశ్రామిక వాడలో యంత్ర విడిభాగాలు తయారుచేసే ఒక మధ్యతరహా సంస్థకు నేను ఆరేళ్లుగా నెట్‌వర్క్ పనులు చూస్తున్నాను. యజమానులది చిత్తూరు వైపు. లెక్కల విభాగంలోనూ స్టోర్స్‌లోనూ ఎక్కువమంది తెలుగువాళ్లే కావడంతో కింద యంత్రాల దగ్గర కన్నడం, పై అంతస్తులో తెలుగు వినిపిస్తుంటాయి. 2025 ఆగస్టులో ఈ కార్యాలయంలోని 40 కంప్యూటర్లలో 34 మార్చి, కొత్తవాటిని కంపెనీ నెట్‌వర్క్‌లో చేర్చే పని నాకు అప్పగించారు. ఆ పనిని నేను రెండుసార్లు చేశాను. రెండోసారి చేయవలసి రావడానికి కారణం నా నిర్ణయమే కాబట్టి, సాఫీగా సాగిన భాగాలను క్లుప్తంగా ముగించి, తప్పిన భాగాలనే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

యంత్రాలు మార్చడానికి కారణం అందరికీ తెలిసిందే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగియబోతోందప్పుడు. ఆ 34 యంత్రాల్లో ఉన్నవి ఇంటెల్ ఆరో తరం, ఏడో తరం ప్రాసెసర్లు. విండోస్ 11 సాధారణంగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది, దానికి తోడు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా ఉండాలంటుంది. డబ్బు కట్టి పాతవాటినే ఇంకొన్నాళ్లు లాగలేమా అని యజమాని అడిగారు. లాగవచ్చు. సంస్థలకు పొడిగింపు భద్రతా అప్‌డేట్ల ధర మొదటి ఏడాది ఒక్కో యంత్రానికి 61 డాలర్లు, ఆపైన ఏటేటా రెట్టింపు, గరిష్ఠంగా మూడేళ్లు. మూడేళ్లకు కలిపి యంత్రానికి 427 డాలర్లని కాగితం మీద కూడి చూపించాక ఆయన ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

కార్యాలయంలో సర్వర్ ఒక్కటే ఉంది, దాని మీద విండోస్ సర్వర్ 2019 నడుస్తోంది. కంపెనీ కంప్యూటర్లను, లాగిన్లను ఒకే గొడుగు (డొమైన్) కింద నడిపే డొమైన్ కంట్రోలర్, పేర్లను అడ్రసులుగా మార్చే డీఎన్ఎస్, యంత్రాలకు నెట్‌వర్క్ అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ, అప్‌డేట్లు పంచే డబ్ల్యూఎస్‌యూఎస్, అన్నీ దాని నెత్తినే ఉన్నాయి. ఇది మంచి పద్ధతి కాదని నాకు తెలుసు, యజమానికీ చెప్పాను. రెండో సర్వర్ ప్రతి ఏడాదీ వచ్చే ఏడాదికి వాయిదా పడుతోంది. ఈసారి కంప్యూటర్లతో పాటు మార్చగలిగింది రెండు పాత 100 మెగాబిట్ల స్విచ్‌లను మాత్రమే. వాటి స్థానంలో గిగాబిట్ (1000 మెగాబిట్ల) స్విచ్‌లు పెట్టాము.

పద్ధతి ప్రకారం ముందు ఒక నమూనా యంత్రాన్ని సిద్ధం చేశాను. విండోస్ 11 ప్రో (24హెచ్2 వెర్షన్), లెక్కలకు ట్యాలీ ప్రైమ్, కన్నడ టైపింగుకు నుడి, ప్రింటర్ డ్రైవర్లు, వైరస్ రక్షణ, అన్నీ దాంట్లో ఎక్కించాను. దాన్ని సర్వర్ గదిలోనే, స్విచ్‌కు రెండు మీటర్ల ప్యాచ్ కార్డుతో కలిపి నాలుగు రోజులు నడిపాను. ఐపీ అడ్రస్ వచ్చింది, డొమైన్‌లో చేరింది, ప్రింట్ తీసింది, ట్యాలీ తెరిచింది. సిద్ధమని నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఆ యంత్రం, ఆ గదిలో, తనొక్కటే ఉన్నప్పుడు పనిచేస్తుందన్న దానికి మించి ఆ నాలుగు రోజులు దేన్నీ రుజువు చేయలేదన్న సంగతి నాకు నెల తర్వాత గానీ తలకెక్కలేదు.

ఒక యంత్రం డిస్క్‌ను మిగతావాటిలోకి కాపీ చేయాలంటే ముందు సిస్‌ప్రెప్ అనే విండోస్ పనిముట్టును నడిపి, ఆ యంత్రానికే చెందిన గుర్తులన్నీ తుడిచేయాలి. నడిపాను. స్టోర్ యాప్ ఒకటి ఒక యూజర్‌కు మాత్రమే ఇన్‌స్టాల్ అయి ఉందన్న లోపం చూపి సిస్‌ప్రెప్ మధ్యలో ఆగిపోయింది. ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ పాత చుట్టమే ఈ లోపం. ఒక యాప్‌ను తీసేస్తే మరొకదాని పేరు చెబుతుంది. మూడు యాప్‌లు తీసేసరికి శుక్రవారం సాయంత్రమైంది, శని ఆదివారాల్లో బిగింపు పూర్తి కావాలి. సిస్‌ప్రెప్ లేకుండానే క్లోన్ (ఉన్నదున్నట్టు కాపీ) చేద్దామని నిర్ణయించాను. ఆ నిర్ణయానికి నా దగ్గర ఒక సమర్థన కూడా ఉంది, దాని గురించి తర్వాత చెబుతాను.

ఆగస్టు 23 శనివారం బిగింపు మొదలైంది. మొదటి తొమ్మిది యంత్రాలు ఎక్కడా తడబడలేదు. పదోదానికి 169.254తో మొదలయ్యే అడ్రస్ వచ్చింది. డీహెచ్‌సీపీ నుంచి జవాబు రాకపోతే విండోస్ తనకు తానే పెట్టుకునే అడ్రస్ అది. సర్వర్‌లో చూస్తే పంచడానికి కేటాయించినవి 192.168.1.50 నుంచి 150 వరకు 101 అడ్రసులు, అన్నీ అయిపోయాయి. పాత కంప్యూటర్లు పెట్టెల్లోకి వెళ్లిపోయినా వాటి అడ్రసులు ఎనిమిది రోజుల లీజు (అడ్రస్ వాడుకునే గడువు) ముగిసేదాకా వాటి పేరునే ఉంటాయి. కొత్త యంత్రం కొత్త మ్యాక్ అడ్రస్‌తో (నెట్‌వర్క్ కార్డు సొంత గుర్తుతో) వస్తుంది కాబట్టి కొత్త వాటా అడుగుతుంది. వీటికి తోడు శనివారం ఇళ్లలో ఉన్న ఉద్యోగుల ఫోన్లు కూడా వైఫై ద్వారా తీసుకున్న అడ్రసులను పట్టుకునే ఉన్నాయి. పాత యంత్రాల లీజులను చేత్తో తీసేసి, తర్వాతి వారం ఫోన్లకు వేరే వీల్యాన్ (విడదీసిన నెట్‌వర్క్ భాగం), ఎనిమిది గంటల లీజు పెట్టడంతో ఆ సమస్య తీరింది.

అసలు సమయం తిన్నది కేబుళ్లు. మొదటి అంతస్తులో లెక్కల విభాగం, కొనుగోళ్ల విభాగం కలిసి 14 సీట్లు ఉన్నాయి. అక్కడ కొన్ని యంత్రాలు 100 మెగాబిట్ల వేగంతో కలిశాయి, కొన్నిటికి స్విచ్ మీద దీపమే వెలగలేదు, రెండిటికి నిమిషానికోసారి వెలిగి ఆరుతోంది. నా సహాయకుడు హిందూపురం అబ్బాయి, పనిమంతుడు. "అన్నా, ఇదే పాయింటులో పాత సిస్టమ్ నిన్నటి దాకా బాగానే నడిచింది గదా, కొత్త సిస్టమ్‌లోనే ఏదో ఉంది" అన్నాడు. నాకూ అదే తోచింది. నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ మార్చాము, ప్యాచ్ కార్డులు మార్చాము, ఒక యంత్రాన్ని కిందికి దించి సర్వర్ గదిలో కలిపి చూశాము. అక్కడ గిగాబిట్ వేగంతో నిక్షేపంగా పనిచేసింది. అంటే తప్పు గోడలో ఉంది.

ఎస్.పి. రోడ్డులో కొన్న మామూలు కేబుల్ టెస్టర్‌ను గోడ పాయింటుకు తగిలిస్తే, కేబుల్‌లోని ఎనిమిది తీగలకు ఒక్కొక్కటిగా ఉండే ఎనిమిది దీపాల్లో 1, 2, 3, 6 మాత్రమే వెలిగాయి. పక్క సీటు పాయింటులోనూ అవే నాలుగు. పాయింటు ఉన్న ఐఓ బాక్స్ విప్పి చూశాక విషయం బయటపడింది. ఎప్పుడో వైరింగ్ చేసినవారు రెండు సీట్లకు ఒకే కేబుల్ లాగి, నారింజ, ఆకుపచ్చ జతలను ఒక పాయింటుకు, నీలం, గోధుమ జతలను రెండో పాయింటుకు పంచేశారు. 14 సీట్లకు ఏడు కేబుళ్లే పైకి వచ్చాయి.

ఇది ఇన్నేళ్లు దాగి ఉండడానికి కారణం ఉంది. 100 మెగాబిట్ల ఈథర్‌నెట్‌కు రెండు జతల తీగలు చాలు; గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. పాత స్విచ్ 100 మెగాబిట్లదే కావడంతో రెండు జతల లోటు ఎవరికీ తెలియలేదు. కొత్త స్విచ్, కొత్త కంప్యూటర్ మాత్రం ముందుగా ఉన్న రెండు జతల మీదే మాట్లాడుకుని, ఇద్దరమూ గిగాబిట్ చేయగలమని ఒప్పందానికి వస్తాయి, ఆ తర్వాత మిగతా రెండు జతల కోసం వెతికి భంగపడతాయి. కొన్ని నెట్‌వర్క్ కార్డులు ఒకటి రెండు ప్రయత్నాల తర్వాత తామే 100కు దిగుతాయి, కొన్ని దిగకుండా మళ్లీ మళ్లీ మొదటికే వస్తాయి. నేను చూసిన మూడు రకాల లక్షణాలకూ ఇదొక్కటే కారణం. నాసిరకం పని అని నాకూ కోపం వచ్చింది గానీ, ఆ రోజుల్లో అది పనిచేసిన పని. తీగ చీల్చిన సంగతి, కేబుళ్లన్నీ వచ్చి చేరే ప్యాచ్ ప్యానెల్ మీద ఎక్కడా రాసిపెట్టకపోవడమే అసలు నేరమని నా అభిప్రాయం.

సోమవారం ఉదయానికి సీట్లు నడవాలి కాబట్టి తాత్కాలికంగా ఆ 14 పోర్టులనూ స్విచ్‌లో 100 మెగాబిట్లకు పరిమితం చేశాము. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రెండు వైపులూ మాట్లాడుకుని వేగం తేల్చుకునే ఆటో నెగోషియేషన్‌ను తీసేసి స్విచ్‌లో వేగాన్ని బలవంతంగా బిగిస్తే, అవతల కంప్యూటర్ డూప్లెక్స్ (పంపడం, అందుకోవడం ఒకేసారి జరగవచ్చా లేదా) ఏదో తెలుసుకోలేక, ఒకసారికి ఒక వైపే నడిచే హాఫ్ డూప్లెక్స్‌లోకి దిగుతుంది. అప్పుడు దీపం వెలుగుతుంది, పింగ్ వెళుతుంది, పెద్ద ఫైలు తెరవగానే ప్రాణం పోతుంది. అందుకే ఆటోను ఉంచి, స్విచ్ తన సామర్థ్యంగా 100నే ప్రకటించేలా అమర్చాము. తర్వాతి రెండు వారాల్లో ఏడు కొత్త క్యాట్ 6 కేబుళ్లు లాగి, పాత ఏడిటిని నాలుగు జతలతో మళ్లీ బిగించాము. అన్నిటికన్నా పొడవైనది 58 మీటర్లు వచ్చింది, 100 మీటర్ల హద్దుకు చాలా లోపల.

సోమవారం డబ్ల్యూఎస్‌యూఎస్ తెరిస్తే 34 కొత్త యంత్రాలకు బదులు ఒక్కటే కనిపించింది. పేరు మాత్రం గంటకొకటి మారుతోంది. ఇది క్లోన్ చేసినవాటిలో తరచూ కనిపించేదే. అప్‌డేట్ సేవ ప్రతి యంత్రానికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య కాపీతో పాటు అన్నిటికీ ఒకటే వచ్చింది. రిజిస్ట్రీలో ఆ సంఖ్యను తీసేసి సేవను మళ్లీ మొదలుపెట్టే చిన్న స్క్రిప్టును అన్నిటి మీదా నడిపాను, సాయంత్రానికి 34 పేర్లూ వచ్చాయి. 34 యంత్రాలూ ఒకే మనిషి పేరు చెప్పుకుంటున్నాయని ఆ తెర నాకు మొహం మీదే చెప్పింది. నేను దాన్ని చిన్న చిక్కుగా లెక్కగట్టి దాటేశాను.

వినాయక చవితి వెళ్లింది, సెప్టెంబరు సగం ప్రశాంతంగా గడిచింది. మైక్రోసాఫ్ట్ నెలవారీ అప్‌డేట్లను నేను వచ్చిన వెంటనే వదలను. వారం పైన ఆగి వదులుతాను. సెప్టెంబరు 9న వచ్చినవాటిని 18 రాత్రి వదిలాను. 19 శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకు లెక్కల విభాగం అధిపతి నుంచి ఫోన్ వచ్చింది. కర్నూలు ఆవిడ, పాతికేళ్ల అనుభవం. "బాబూ, నా సిస్టమ్‌లో ట్యాలీ తెరుచుకుంటోంది, మా పిల్లలెవ్వరికీ తెరుచుకోవడం లేదు. పాస్‌వర్డ్ తప్పంటోంది. ముగ్గురికీ ఒకేసారి తప్పవుతుందా?" అని అడిగారు. మర్నాడు 20వ తేదీ, జీఎస్టీ నెలవారీ రిటర్న్ జీఎస్టీఆర్-3బి గడువు.

ట్యాలీ డేటా ఫోల్డర్ ఆవిడ కంప్యూటర్‌లోనే ఉంటుంది, మిగతావాళ్లు దాన్ని నెట్‌వర్క్‌లో షేర్‌గా తెరుస్తారు. చిన్న కార్యాలయాల్లో ఇది మామూలే. వెళ్లి చూశాను. పాస్‌వర్డ్ సరైనదే, అదే పాస్‌వర్డ్‌తో సర్వర్‌లోని ఫోల్డర్లు తెరుచుకుంటున్నాయి. గడియారాల్లో తేడా లేదు; డొమైన్‌లో లాగిన్లను సరిచూసే కెర్బరోస్ ఐదు నిమిషాల తేడాకు మించి ఒప్పుకోదు కాబట్టి నేను ముందు చూసేది అదే. ఫైర్‌వాల్ ఆపి చూసినా ఫలితం లేదు. సహాయకుడు తన యంత్రం నుంచి మరొకదానికి రిమోట్ డెస్క్‌టాప్‌తో వెళ్లబోయినా అదే తిరస్కారం. ఆశ్చర్యమేమిటంటే మేము మార్చకుండా విండోస్ 11కు ఎక్కించి ఉంచిన ఆరు కంప్యూటర్ల నుంచి ఆవిడ ఫోల్డర్ ఇబ్బంది లేకుండా తెరుచుకుంది. కొత్తవి సర్వర్‌తో మాట్లాడుతున్నాయి, పాత ఆరిటితో మాట్లాడుతున్నాయి, తమలో తాము మాత్రం మాట్లాడుకోవడం లేదు.

అప్పుడు ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచాను. 6167 నంబరు ఈవెంట్, లాగిన్లు చూసే విండోస్ భాగం ఎల్ఎస్ఏ నుంచి: యంత్రం గుర్తింపులో పాక్షిక పొంతన లోపం ఉంది, ఈ టికెట్‌ను (లాగిన్ అనుమతి పత్రాన్ని) ఎవరైనా మార్చి ఉండాలి లేదా అది మరో బూట్ సెషన్‌ది అయి ఉండాలి. గుర్తింపు అన్న మాట చదవగానే నాకు డబ్ల్యూఎస్‌యూఎస్ తెర గుర్తొచ్చింది. సిడ్ అంటే యంత్రానికి విండోస్ ఇచ్చే భద్రతా గుర్తింపు సంఖ్య; దాన్ని చూపే పీఎస్‌గెట్‌సిడ్‌ను, సిస్‌ఇంటర్నల్స్ అనే విండోస్ పనిముట్ల సముదాయంలోనిదాన్ని, నాలుగు యంత్రాల మీద నడిపాను. నాలుగింటికీ ఒకటే సిడ్ వచ్చింది. మిగతావి చూడనక్కర్లేకపోయింది గానీ చూశాను. 34కు 34 ఒకటే.

ముందుగా చెప్పిన నా సమర్థన ఇదే. సిస్‌ఇంటర్నల్స్ స్థాపకుల్లో ఒకరైన మార్క్ రసినోవిచ్, సిడ్‌ను మార్చే న్యూసిడ్ అనే పనిముట్టును 2009లో ఉపసంహరిస్తూ, యంత్రాల సిడ్‌లు ఒకటే అయితే ప్రమాదమన్నది అపోహ అని రాశారు. డొమైన్‌లో చేరిన యంత్రానికి డొమైన్ వేరే సిడ్ ఇస్తుంది, యంత్రం సొంత సిడ్ నెట్‌వర్క్ మీదికి రాదు, కాబట్టి అది రెండు చోట్ల ఒకేలా ఉన్నా ఎవరికీ పట్టదు అన్నది ఆయన వాదన. నాబోటివాళ్లు దాన్ని పట్టుకుని పదహారేళ్లు గడిపేశాము. సిస్‌ప్రెప్ చేయని కాపీలకు తమ మద్దతు లేదని మైక్రోసాఫ్ట్ అధికారికంగా చెబుతూనే ఉంది. ఆ మాటను మాత్రం తీరిక ఉన్నవాళ్లకు చెప్పిన మాటగా తీసుకున్నాము. 2025 ఆగస్టు 29న, ఆ తర్వాత విడుదలైన అప్‌డేట్లతో విండోస్ 11 24హెచ్2, 25హెచ్2, విండోస్ సర్వర్ 2025 ఈ సిడ్‌ను సరిచూడడం మొదలుపెట్టాయి. ఒకే సిడ్ ఉన్న రెండు యంత్రాల మధ్య కెర్బరోస్, ఎన్‌టీఎల్ఎం అనే లాగిన్ తనిఖీ పద్ధతులు రెండూ విఫలమవుతాయి. అక్టోబరులో మైక్రోసాఫ్ట్ దీని మీద వివరణ ప్రచురించింది. మద్దతు ఉన్న పద్ధతిలో యంత్రాలను మళ్లీ తయారుచేయడమే దానికి శాశ్వత పరిష్కారమని అందులో ఉంది. మా సర్వర్ 2019ది కావడం, దాని సిడ్ వేరు కావడం వల్ల అటువైపు దారి తెరిచే ఉంది.

ఆ శుక్రవారం చేసిన పని మాత్రం సులువైనది. ట్యాలీ డేటాను సర్వర్‌లోని ఫోల్డర్‌కు మార్చాను. ట్యాలీ లైసెన్స్ సర్వర్ ఆవిడ యంత్రంలోనే 9999 పోర్టు మీద నడుస్తున్నా, దానికి విండోస్ లాగిన్‌తో పని లేదు కాబట్టి కదపలేదు. ఒంటిగంటన్నరకు ముగ్గురూ ఎంట్రీలు మొదలుపెట్టారు, రిటర్న్ శనివారం గడువులోపే వెళ్లింది. డేటా సర్వర్‌లో ఉంటే బ్యాకప్ కూడా కుదురుతుంది. అది ఆగస్టులోనే చేసి ఉండవలసిన మార్పు. అప్‌డేట్‌ను తీసేసి నెట్టుకురావచ్చని కూడా తోచింది. నెలనెలా వచ్చే భద్రతా సవరణలను ఆపుకుంటూ పోవడానికేనా విండోస్ 10 మార్చింది అనిపించి ఆ ఆలోచన మానుకున్నాను. యజమానికి ఉన్నది ఉన్నట్టు చెప్పి, రెండో బిగింపుకు కూలి తీసుకోనని చెప్పాను.

రెండో బిగింపుకు దొరికిన సమయం దసరా. అక్టోబరు 1 బుధవారం ఆయుధ పూజ. పీణ్యలో ఆ రోజు లేత్ యంత్రాలకు అరటి పిలకలు, బంతిపూల దండలు కట్టి, గుమ్మం ముందు గుమ్మడికాయ కొట్టి, మధ్యాహ్నానికి ఇళ్లకు వెళతారు. కొత్త కంప్యూటర్లకూ పసుపు కుంకుమలు పెట్టారు. బొట్టు మానిటర్ అంచుకు పెట్టండి, సీపీయూ గాలి రంధ్రాల మీద వద్దని నేను ముందే ఒక్కొక్కరినీ బతిమాలుకున్నాను. మధ్యాహ్నం రెండు నుంచి మర్నాడు రాత్రి దాకా కార్యాలయం నాది.

ఈసారి నమూనా యంత్రాన్ని ఇంటర్నెట్‌కు కలపకుండా, యూజర్ ఖాతా పెట్టకముందే పనిచేయనిచ్చే ఆడిట్ మోడ్‌లోనే తయారుచేశాను. స్టోర్ యాప్‌లు తమంతట తాము అప్‌డేట్ అయి ఒక యూజర్‌కు అంటుకునే అవకాశం లేకపోవడంతో, ఆగస్టులో నన్ను ఓడించిన సిస్‌ప్రెప్ మొదటిసారికే పూర్తయింది. యంత్రాలతో వచ్చిన ఓఈఎం లైసెన్స్ ఇలా ఇమేజ్ (డిస్క్ మొత్తం కాపీ) చేసి పంచడానికి అనుమతించదు. ఆ హక్కు వాల్యూమ్ లైసెన్స్‌తో వస్తుంది కాబట్టి దాన్ని ముందే కొనిపించాను. అవే పేర్లతో డొమైన్‌లో చేర్చబోతే 2732 నంబరు లోపంతో నిరాకరణ ఎదురైంది. 2022 అక్టోబరు నుంచి విండోస్, డొమైన్‌లో అప్పటికే ఉన్న కంప్యూటర్ ఖాతాను దాన్ని సృష్టించినవారు కాక వేరొకరు వాడుకోబోతే అడ్డుకుంటుంది. డొమైన్ అడ్మిన్లు సృష్టించిన ఖాతాలకు మాత్రం మినహాయింపు. ఆగస్టులో వాటిని చేర్చింది సహాయకుడి ఖాతా, అతను పండక్కి హిందూపురం వెళ్లాడు. ఖాతాల పునర్వినియోగానికి నమ్మదగినవారిని పేర్కొనే గ్రూప్ పాలసీ ఒకటి ఉంది. అందులో మా బృందాన్ని చేర్చాక దారి దొరికింది. అర్ధరాత్రి దాటాక రెండు యంత్రాల్లో టైమ్ జోన్ అమెరికా పసిఫిక్‌గా ఉండిపోయింది. తెల్లవారుజామున రెండు గంటలకు గడియారం మధ్యాహ్నం ఒకటిన్నర చూపుతుంటే, నిద్రమత్తులో జోన్ మార్చకుండా గడియారాన్ని చేత్తో తిప్పాను. లోపలి లెక్కలో పన్నెండున్నర గంటల తేడా వచ్చి డొమైన్ వాటిని తిరస్కరించింది. ఆ తప్పు పట్టుకోవడానికి అరగంట పట్టింది.

పరీక్ష పద్ధతిని కూడా మార్చాను. మొదటి రెండు యంత్రాలను సిద్ధం చేయగానే ఆగి, ఒకదాన్ని స్టోర్స్ చివరి బల్ల మీద, రెండోదాన్ని మొదటి అంతస్తులో పొడవైన కేబుల్ చివర పెట్టాను. ఒకదాని ఫోల్డర్‌ను రెండోదాని నుంచి తెరవడం, రిమోట్ డెస్క్‌టాప్‌తో అటు నుంచి ఇటు రావడం, రెండిటి సిడ్‌లూ పోల్చడం, డబ్ల్యూఎస్‌యూఎస్‌లో రెండు పేర్లు రావడం, రెండు పోర్టులూ గిగాబిట్ చూపడం, ఇవన్నీ కుదిరాకే మూడోదాన్ని ముట్టుకున్నాను. మొత్తం కలిపి నలభై నిమిషాల పని. అక్టోబరు 3 ఉదయం మిగిలిన ఫిర్యాదు ఒక్కటే, అది పాత జిరాక్సు యంత్రం స్కాన్ చేసిన కాగితాలను కంప్యూటర్ ఫోల్డర్‌లో పెట్టలేకపోవడం. 24హెచ్2 ప్రతి ఎస్‌ఎంబీ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతి) సంభాషణకూ డిజిటల్ సంతకం అడుగుతుంది, ఆ యంత్రానికి సంతకం చేయడం రాదు. స్కాన్లకు వేరే దారి చూశాము.

పాత 34 యంత్రాల డిస్కులు తుడిచి, 2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం రిజిస్టర్ అయిన రీసైక్లర్‌కు అప్పగించి రసీదు తీసుకున్నాము. ఈ లెక్కలో లేని కంప్యూటర్ ఇంకొకటి కింద అంతస్తులో ఉంది. సీఎన్‌సీ మిల్లింగ్ యంత్రానికి సీరియల్ పోర్టు ద్వారా ప్రోగ్రాములు పంపే విండోస్ 7 పెట్టె అది. దాని సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో నడవదు, యంత్రం ఆపడానికి యజమాని ఒప్పుకోరు. ప్రస్తుతానికి దాని నెట్‌వర్క్ కేబుల్ పీకేసి, పోర్టును స్విచ్‌లో మూసేసి, ఆ సంగతి ప్యాచ్ ప్యానెల్ మీద తేదీతో సహా రాసి అంటించాను.